పాయింట్ అంటే ఏంది మేడం

నేను బత్తలపల్లె దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. చెబుతానన్న మాటే గాని, నాకది ఎంత వచ్చో నాకే అప్పుడప్పుడూ అనుమానం. మొన్న ఎండలు ముదురుతున్నప్పుడు తొమ్మిదో తరగతి పాఠం చివర ఒక అభ్యాసం వచ్చింది. చాలా అర్థాలున్న ఇంగ్లీషు మాట ఒకటి తీసుకుని, ఆ అర్థాలేమిటో, ఒక్కో అర్థానికి బదులుగా వాడదగ్గ వేరే మాటలేమిటో రాయాలి. పుస్తకంలో ఇచ్చిన మాటయితే పిల్లలు గైడులో చూసి ఎక్కించేస్తారని నేను తెలివికి పోయి వేరే మాట ఇచ్చాను. పాయింట్. రోజూ మన నోళ్లలో నలిగే మాటే కదా, సులువుగా తేలిపోతుందనుకున్నాను.

"ఇంట్లోనో వీధిలోనో టీవీలోనో, ఎక్కడ విన్నా సరే, పాయింట్ అనే మాట ఉన్న వాక్యం ఒక్కొక్కరు ఒకటి పట్టుకురండి" అన్నాను. మర్నాడు తెచ్చారు. కబడ్డీలో ఆఖరి పాయింట్ మాకే వచ్చింది అన్నాడొకడు. కొత్తింట్లో ప్లగ్గు పాయింట్లు చాలలేదని వాళ్లమ్మ కరెంటు మేస్త్రీతో గొడవ పడిందట ఒకమ్మాయికి. పెన్సిల్ పాయింట్ విరిగింది. జ్వరం నూటొకటి పాయింట్ ఐదు. బస్టాండు పక్కన చికెన్ పాయింట్. సోషల్ సారు పెద్ద ప్రశ్నకు కథలు వద్దు, పాయింట్లు రాయమన్నారు. రాతి గోడకు సిమెంటు పాయింటింగ్. నేను బోర్డు మీద గడులు గీసి ఒక్కో వాక్యాన్ని ఒక్కో గడిలో సర్దుకుంటూ పోయాను. మొన, చుక్క, మార్కు, అంశం, చోటు. చూడ్డానికి బాగానే ఉంది. సుద్దముక్క దులుపుకుని వెనక్కి తిరిగాను.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. ఆ పిల్ల లేచిందంటే నాకు కొంచెం భయమే.

"పాయింట్ అంటే ఏంది మేడం అసలు? మీరు ఇన్ని రాసినారు గానీ, పాయింట్ అంటే బోరు ఏసే చోటు కదా."

తరగతి మొత్తం ఔనౌనంది. "అదీ ఒక అర్థమే" అంటూ చోటు అన్న గడి కింద దాన్నీ రాశాను.

"ఒకటి కాదు మేడం, అదే ఫస్టు. మిగతావన్నీ తర్వాత" అంది.

కాదనడానికి లేదు. మా వైపు ఫలానా వాళ్లు పాయింట్ పెట్టించినారంట అంటే ఏ పాయింటని ఎవరూ అడగరు. నేల కింద నీళ్ల జాడ చెప్పే మనిషి వస్తాడు, పొలమంతా తిరుగుతాడు, ఒకచోట ఆగి ఇక్కడ వేయండని ఒక రాయి పెడతాడు. ఆ రాయి ఉన్న చోటు పాయింట్. అక్కడ బోరు వేస్తే నీళ్లన్నా పడతాయి, దుమ్మన్నా లేస్తుంది. నిఘంటువు రాసిన వాళ్లు ఎవరూ మా వైపు వచ్చి ఉండరు. వచ్చుంటే ఈ అర్థాన్ని అట్టడుగున కూడా వేయకుండా వదిలేసేవాళ్లు కాదు.

"ఇన్ని అర్థాలకు ఒకే మాట పెట్టుకుంటే ఇంగ్లీషోళ్లకు తికమక కాదా మేడం?" అని ఆ పిల్ల మళ్లీ అడిగింది. సందర్భాన్ని బట్టి తెలుస్తుందని చెప్పి బెల్లు కొట్టేదాకా గడిపేశాను. స్టాఫ్ రూములోకి వెళ్లి లావు నిఘంటువు తీస్తే రెండు నిలువు వరుసల నిండా ఆ ఒక్క మాటే ఉంది. మొదట్లో గుచ్చడమట. గుచ్చేది మొన. గుచ్చితే పడేది చుక్క. చుక్క పడిన జాగా ఒక చోటు. అక్కడిదాకా నాకు బాగానే అందింది. చివరికొచ్చేసరికి ఉద్దేశం, ప్రయోజనం అని ఉంది. ముల్లు గుచ్చుకున్న దగ్గర మొదలైన మాట, దీనివల్ల ప్రయోజనం ఏమిటి అనే దాకా ఎట్లా నడిచిందో ఎంత తల గోక్కున్నా నాకు అర్థం కాలేదు. చిరాకేసి పుస్తకం మూసేశాను.

ఇంటికొచ్చేసరికి అక్కడ కూడా పాయింటే నడుస్తోంది.

మా అత్త మా నాయనకు సొంత చెల్లెలు. నన్ను చిన్నప్పుడు పాపా అని పిలిచేది, కోడలయ్యాక కూడా ఆ పిలుపు మార్చలేదు. మామ పోయాక ఇంటి వెనకున్న చీనీ తోట, అదే బత్తాయి తోట, మొత్తం ఆమె చేతి మీదే నడుస్తోంది. నాకు పెళ్లయిన ఏడాది వాళ్లిద్దరూ కలిసి నాటిన తోట అది. మొదటి ఎండాకాలాలు ఆమె బిందెలతో నెత్తిన నీళ్లు మోసి పాదుల్లో పోసి బతికించింది. ఆ తర్వాత బోరు పడింది, డ్రిప్పు వచ్చింది, కాయా వచ్చింది. ఈ ఏడు ఆ బోరు ఉగాది దాటగానే గాలి కక్కడం మొదలుపెట్టింది. కాసేపు నీళ్లు, కాసేపు ఉత్త చప్పుడు. మా ఆయనకు బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపుంది. మోటారు పైకి తీసి, తిప్పి చూసి, "మోటారు బాగుండాదిమా, కింద నీళ్లే లేవు" అన్నాడు. చీనీ ఆకులు ముడుచుకుపోతున్నాయి. పిందెలు గోలీలంత కాకుండానే రాలుతున్నాయి.

"ఇంగొక్క బోరు ఏస్తా" అంది అత్త ఆ సాయంత్రం. "పడితే తోట ఉంటాది. పడకపోతే చెట్లు కొట్టేస్తా. ఇంగ నా శాతగాదు."

చెట్లు కొట్టేస్తానన్న మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. ఆమెకు బెదిరించే అలవాటు లేదు. అన్నదంటే చేస్తుంది. మా ఆయన చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం పాయింట్ పెట్టే ఆయన వచ్చాడు. చిలమత్తూరు వైపు మనిషి. తెల్ల పంచె, చేతికి పెద్ద గడియారం, బండికి తగిలించిన సంచిలో టెంకాయలు. నేను అన్నం వండుతూ వంటింటి కిటికీలోంచే చూస్తున్నాను. ఆయన పంగల వేపపుల్ల పట్టుకుని తోటంతా తిరిగాడు, కళ్లు మూసుకుని నిలబడ్డాడు, చెప్పులు విడిచి మళ్లీ తిరిగాడు. చివరికి ఈశాన్యం మూల దగ్గర ఆగి అత్తను పిలిచాడు.

"ఈడ ఉండాదక్కా అనిపిస్తాంది. అయితే నా పద్ధతి ఒకటుండాది. ఇంటోళ్ల చేతిలో గూడా టెంకాయ లేస్తేనే నేను రాయి పెడతా. లేయకపోతే ఇట్లే బండెక్కి పోతా" అన్నాడు.

అదెంత తెలివైన పద్ధతో నాకు ఆ పూట తట్టలేదు. రాయి పెట్టేది ఆయన, టెంకాయ లేచేది ఇంటివాళ్ల చేతిలో. రేపు దుమ్ము లేస్తే ఆయన బండి ఎప్పుడో చిలమత్తూరు దాటి ఉంటుంది.

ముందు అత్త చేతిలో పెట్టాడు. జుట్టున్న టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి, జుట్టు ముందుకు ఉండేట్టు సర్ది, మోచేయి నడుముకు ఆనించి మెల్లగా నడవమన్నాడు. కింద నీళ్లుంటే పడుకున్న టెంకాయ లేచి నిలబడాలి. అత్త నడిచింది. అది కదలలేదు. మా ఆయన నడిచాడు. ఆయనకు అసలు నమ్మకమే లేదు, నడవడం కూడా బజారుకు పోతున్నట్టు నడిచాడు. కదలలేదు.

"ఇంట్లో ఓ పాజిటివ్ రక్తం ఎవురికుండాది?" అని అడిగాడు పాయింటాయన.

ఆ రక్తం ఉన్నవాళ్ల చేతిలోనే టెంకాయ లేస్తుందని మా వైపు గట్టి నమ్మకం. ఎవరు పుట్టించారో తెలియదు. అత్త గబగబా ఇంట్లోకొచ్చి గోడమేకుకు వేలాడుతున్న నా బడి గుర్తింపు కార్డు తీసి, కళ్లు చికిలించి చూసి, మళ్లీ నా వైపు చూసింది. "పాపా, నీదే. పొయ్యి ఆర్పేసి రా" అంది.

నాకు నవ్వొచ్చింది. రక్తం గ్రూపును బట్టి నీళ్లు పడేటట్టయితే ఆసుపత్రి వాళ్లనే తీసుకొచ్చి పొలంలో నడిపించొచ్చు కదా అనబోయి, అత్త ముఖం చూసి ఊరుకున్నాను. చేయి కడుక్కుని వెళ్లి నిలబడ్డాను. టెంకాయ పెట్టాడు. నడవమన్నాడు. నేను చెట్ల మధ్య నుంచి ఈశాన్యం మూలకు నడుస్తూ, పొయ్యి మీద సగం ఉడికిన అన్నం సంకటి అయిపోతుందేమో అనుకుంటున్నాను. ఆ మాట నాకు స్పష్టంగా గుర్తుంది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే చేతిలో బరువు అటూ ఇటూ అయింది. టెంకాయ జుట్టు ముందు కొంచెం పైకి వచ్చింది. ఇంకో అడుగు వేశాను. అది నా అరచేతిలో లేచి నిలబడింది.

నేను ఏమీ చేయలేదు. చేయలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఒట్టు పెట్టమంటే మాత్రం పెట్టలేను. వేళ్లు బిగుసుకున్నాయా, మణికట్టు తిరిగిందా, లేక నిజంగానే కింద ఏదైనా ఉందా, ఒక్కటీ తెలియలేదు. పాయింటాయన నా కాలి ముందు ఒక రాయి పెట్టి, పసుపు రాసి, "అయిపాయ. పెట్టినారు టీచరమ్మ" అన్నాడు. నేను పెట్టానట.

మర్నాటికల్లా ఊరంతా తెలిసింది. తెలియకుండా ఎట్లా ఉంటుంది, చెప్పింది అత్త. పాల కేంద్రం దగ్గర, రేషన్ షాపు దగ్గర, ఎదురొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. "నా కోడలి చేతిలో లేసింది. ఊరికే కాదు, నిట్టనిలువుగా నిలబడింది" అని. ఆమె నన్ను ఇంత మెచ్చుకోవడం నేను ఎన్నడూ ఎరగను. ఉద్యోగం వచ్చినప్పుడు కూడా "బస్సుల్లో తిరగాల కదా రోజూ" అని మాత్రమే అంది. ఇప్పుడు నా కంచంలో రెండో గరిటె నెయ్యి పడుతోంది. వద్దనలేను, తినలేను.

బడిలో సైన్సు చెప్పే ఆమెను అడిగాను. "అంతా చేతి కండరాల పని. లేవాలని నీ మనసులో ఉంటే నీకు తెలీకుండానే చేయి తిరుగుతాది. నీళ్లకూ దానికీ ఏం సంబంధం లేదు" అని చక్కగా వివరించింది. నాకు ప్రాణం కుదుటపడింది. టిఫిను డబ్బా మూసి లేస్తూ, "ఈ ఆదివారం ఖాళీనా? మా నాయన చేను కాడికి వస్తావా ఒక తూరి?" అంది. ఈమె ఏది నమ్ముతున్నట్టో తేలక నేను డబ్బా పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.

తరగతిలో పాయింట్ పాఠం ఇంకా ముగియలేదు. ప్రయోజనం అన్న గడి దగ్గర ఆగిపోయింది. దీనివల్ల పాయింటేమిటి అని ఇంగ్లీషులో అడిగే ప్రశ్నను మన మాటల్లో చెప్పమన్నాను. "ఏం లాభం" అన్నారు కొందరు. "యాలంట" అన్నారు కొందరు, ఎందుకంట అని. నా వెనక బెంచీ అమ్మాయి మాత్రం, "ఏం పొడుస్తావు దాంతో, అంటాది మా అవ్వ" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముల్లు గుచ్చడంలో మొదలైన మాట ప్రయోజనం దాకా ఎట్లా వచ్చిందని నేను నిఘంటువుతో కొట్లాడుతుంటే, ఆ దారిలోనే మన భాష కూడా నడిచి ఉంది. ఏం పొడిచావు, పొడిచేసింది ఏముంది అని మనం రోజూ అనుకుంటూనే ఉన్నాం. నిఘంటువు మీద చిరాకు పోయింది గానీ, ఆ ప్రశ్న మాత్రం నన్నే అడిగినట్టు అనిపించింది. ఏం పొడుద్దామని ఆ టెంకాయ పట్టుకుని నడిచాను నేను?

బోరుబండి వెంటనే దొరకలేదు. ఎండాకాలంలో అందరికీ కావాలి, మా వంతు రావడానికి రెండు వారాలైంది. ఆ మధ్యలో ఒకరోజు మధ్యాహ్నం, అత్త కునుకు తీస్తుండగా, నేను ఒక టెంకాయ తీసుకుని తోటలోకి వెళ్లాను. రాయి దగ్గరికి నడిచాను. లేవలేదు. వెనక్కి వచ్చి మళ్లీ నడిచాను. లేవలేదు. ఊపిరి పీల్చుకుని ఇంటికి మళ్లుతుంటే పశువుల కొట్టం పక్కన, ఎవరూ ఏమీ అనుకోని చోట, అది లేచి నిలబడింది. నాకు కోపం వచ్చింది. తిరిగి రాయి దగ్గరికి పోయాను, ఈసారి అక్కడా లేచింది. కొట్టం దగ్గరికి పోతే అక్కడ లేవలేదు. ఎండలో అట్లా తిరిగి తిరిగి చెమటతో తడిసి, చివరికి ఆ టెంకాయను చెట్టుమొదట్లో విసిరేసి కూర్చున్నాను. పైన ఆకులు ముడుచుకుని ఉన్నాయి. ఆ చెట్లు చూస్తే నాకు దుఃఖం వచ్చింది.

మా ఆయనకు చెప్పాను. "పడితే పడతాయి, లేకుంటే లేదు. దానికి టెంకాయేం చేస్తాది" అన్నాడు. మళ్లీ తనే, "పడకపోతే మాత్రం నీకే పేరు వస్తాది. దుమ్ముచెయ్యి అంటారు. మన ఈదిలో ఒకామెను అట్లనే అన్యాయంగా పిలిచినారు, సచ్చేదాకా పోలేదు ఆ పేరు" అన్నాడు. ధైర్యం చెప్పమని పోతే ఇదీ వరస.

నాకు నా పేరు కంటే ఆమె తోట ముఖ్యం. అది గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంకో బోరు వేసే తాహతు ఆమెకు లేదు. ఆ ఒక్కటీ ఎక్కడ వేయాలో చెప్పింది నా చేయి, ఆ చేయి ఏం చెబుతోందో నాకే తెలియదు. అందుకని వంటింట్లో ఆమె చిక్కుళ్లు తుంచుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను.

"అత్తా, నేను మళ్లీ పోయి చూసినా. ఒకసారి లేస్తాంది, ఒకసారి లేస్తాలేదు. కొట్టం కాడ గూడా లేసింది. నాకేం తెలీడం లేదు. నన్ను నమ్మి ఏయద్దు."

ఆమె చేయి ఆగలేదు. "నీకు తెలుసా అని నేను అడగల్యా కదా" అంది.

"అది కాదత్తా. నేనే కదిలించినానేమో. ఇంకెవరినన్నా పిలిపిద్దాం."

"చిక్కుళ్లకు ఉప్పు తక్కువ ఎయ్. మొన్న ఉప్పయింది" అంది.

అంతే. ఆమెకు వినపడలేదా, వినిపించుకోలేదా, విని పక్కన పెట్టిందా, నాకు బోధపడలేదు. గిన్నె తీసుకుని లేచిపోయింది. ఇంక ఎంత తిరిగి ఎత్తుదామన్నా ఆమె ఏదో ఒక పని చెప్పేది. నేను చెప్పినట్టా, చెప్పనట్టా అని ఆ రెండు వారాలూ నాలో నేనే వాదించుకున్నాను. ఆమె మాత్రం హుషారుగా ఉంది. కొత్త బోరు నుంచి డ్రిప్పు పైపు ఎటు లాగాలో కొడుకుతో కొలిపించింది. రెండు ఎండు కొమ్మలు కోసి, "వచ్చే కాపుకు ఇవి అడ్డం" అంది. పొద్దున లేస్తూనే తోటలోకి పోయి చెట్టుచెట్టునూ తడిమి వచ్చేది. కూనిరాగం తీస్తూ పాలు పితుకుతుంటే మా ఆయనా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం.

బోరుబండి ఆదివారం పొద్దున్నే వచ్చింది. ముందు రాయి దగ్గర పూజ చేయాలి. టెంకాయ కొట్టాల్సింది పాయింట్ పెట్టినవాళ్లేనట, నన్ను పిలిచారు. కొట్టాను. సరిగ్గా రెండు చెక్కలుగా పగిలింది. అందరూ బాగుందన్నారు. ఊరు సగం వచ్చి గట్టు మీద కూర్చుంది. మా వైపు బోరు వేస్తుంటే చూడ్డానికి పిలవనక్కర్లేదు.

మిషను మొదలయ్యాక మాటలు వినపడవు. ముందు ఎర్రమట్టి వచ్చింది. తర్వాత గరుకు ఇసుక. తర్వాత రాయి తగిలి తెల్లటి పిండి లేచింది. ఆ పిండి గాలికి వచ్చి చెట్ల మీద పడింది, కూర్చున్నవాళ్ల తలల మీద పడింది, అత్త కొప్పు మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. గుంత అంచున నిలబడి, పైకొచ్చే పిండిని పిడికిట్లోకి తీసుకుని, పిసికి చూసి, వదిలేసేది. తడి తగులుతుందేమోనని. పైపు మీద పైపు దిగుతోంది. ఒకచోట పిండి రంగు కొంచెం మారింది. గట్టు మీద అందరూ లేచారు. మళ్లీ తెల్లబడింది. అందరూ కూర్చున్నారు.

మధ్యాహ్నం దాటాక మిషను అతను ఆపి నా దగ్గరికి వచ్చాడు. పాయింట్ పెట్టినవాళ్లను అడిగే ఆపడం వాళ్ల ఆనవాయితీ.

"టీచరమ్మా, ఆపల్లా, ఇంగా పోనీయల్లా? మీరే చెప్పాల" అన్నాడు.

ఆపమంటే తోట పోతుంది. పోనీయమంటే ఎంతదాకా పోనీయాలి, దేన్ని నమ్మి? ఆ క్షణాన నాకు వచ్చిన ఇంగ్లీషు గానీ తెలుగు గానీ ఒక్క మాట అందలేదు. మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. మిషను అతను నా ముఖం చూస్తూ అట్లాగే నిలబడ్డాడు.

అత్త గుంత అంచు నుంచి చేయెత్తింది. "ఆపప్పా. చాలు" అంది. అతను ఇంకా నా వైపే చూస్తుంటే, "దాన్నేమడుగుతావు, నేను చెప్తాండా కదా" అంది.

పైపులు పైకి తీయడం మొదలుపెట్టారు. గట్టు మీదున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఇద్దరు ఆడవాళ్లు మాత్రం మా దగ్గరికి వచ్చారు. అందులో ఒకామె చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ, నన్ను ఎగాదిగా చూసి, అత్తతో, "ఏమక్కా, నీ కోడలు పెట్టిన పాయింటంట కదా" అంది. దుమ్ముచెయ్యి అనే మాట ఆమె నాలుక చివర్న ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

అత్త నా ముందుకొచ్చి నిలబడింది. "నా కోడలు వద్దనింది. ఒకసారి లేస్తాంది, ఒకసారి లేస్తాలేదు, నన్ను నమ్మి ఏయద్దు అనింది. ఇనకుండా ఏసింది నేను. ఏమన్నా అంటే నన్నను" అంది.

ఆ ఇద్దరూ వెళ్లిపోయారు. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు, అక్కడే నిలబడి ఏడ్చాను. నేను వంటింట్లో చెప్పిన మాటలు ఒక్కటి పొల్లుపోకుండా ఆమె దగ్గర ఉన్నాయి.

"విన్నావా అయితే? విని కూడా ఎందుకు ఏసినావత్తా?" అన్నాను.

ఆమె నా చెంపల మీది పిండి తన అరచేత్తో తుడిచింది. ఆ చేయి ఇంకా తెల్లగానే ఉండడంతో ఉన్నది ఇంకొంచెం అంటింది.

"నీ మాట ఆ పొద్దే ఇనింటే, ఆ పొద్దే చెట్లు కొట్టేసుండాల కదా పాపా" అంది. "ఈ రెండు వారాలన్నా నా తోటలో నేను నెమ్మదిగా తిరిగినా."

తర్వాత తోట వైపు తిరిగి, ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకసారి చూసింది. కొడుకును పిలిచి, గొడ్డలి సానబట్టించుకుని రమ్మంది.